ఫోలీ బెర్జేర్ అద్దంలో ఆయన ఎక్కడ నిలబడ్డాడు?

ఫ్రెంచ్ చిత్రకారుడు ఎదువార్ మానే 1882లో పూర్తి చేసిన 'ఫోలీ బెర్జేర్‌లో బార్' (ఫోలీ బెర్జేర్ అంటే ప్యారిస్‌లో ఒక వినోదశాల) అనే బొమ్మ గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా రెండు జట్లు. ఒక జట్టుకి అద్దం తప్పుగా కనిపిస్తుంది. రెండో జట్టుకి అమ్మాయి ముఖంలో దిగులు కనిపిస్తుంది. మొదటివాళ్లు స్కేలు తీస్తారు గానీ సగంలో ఆపేస్తారు. రెండోవాళ్లు స్కేలు ముట్టుకోరు, నేరుగా కవిత్వంలోకి దిగిపోతారు. నా మటుకు నాకు ఈ బొమ్మ దగ్గర కొలత చివరిదాకా వెళ్లాలి. ఎంత కొలిచినా లొంగకుండా ఏం మిగిలిందో చూశాకే అర్థం గురించి నోరు విప్పాలి. (కలువ కొలనులు వేసినాయన మోనే. ఈయన మానే. ఇద్దరూ ఒకే ఊళ్లో ఒకే కాలంలో తిరిగినవాళ్లే, అందుకే ఈ తికమక.)

ముందు బొమ్మలో ఏముందో చూద్దాం. కాన్వాస్ ఎత్తు 96 సెంటీమీటర్లు, వెడల్పు 130. అడుగున ఈ చివర నుంచి ఆ చివరికి పాలరాతి కౌంటర్. దాని వెనక నల్ల వెల్వెట్ జాకెట్ తొడుక్కున్న అమ్మాయి, రెండు చేతులూ రాతి మీద ఆనించి, నిటారుగా, సరిగ్గా నడిమధ్యన నిలబడి ఉంది. మెడలో నల్ల రిబ్బనుకి లాకెట్టు, రవికె మెడ దగ్గర పూలగుత్తి, ముంజేతికి బంగారు కడియం. కౌంటర్ మీద బంగారు రేకు చుట్టిన షాంపేన్ సీసాలు, ఎర్ర త్రికోణం లేబులున్న బాస్ కంపెనీ బీరు సీసాలు, కాడ ఉన్న గాజు గిన్నెలో కమలాలు, గ్లాసులో రెండు గులాబీలు, ఆకుపచ్చ మద్యం సీసా. ఎడమ చివరి సీసా లేబుల్ మీద చూడండి: 'మానే 1882' అని ఉంటుంది. సంతకాన్ని అమ్మకపు సరుకు మీద పెట్టాడు.

అమ్మాయి వెనక గోడంతా అద్దం. అద్దానికి బంగారు చట్రం ఉంది, దాని కింది అంచు ఆమె ముంజేతుల ఎత్తున అడ్డంగా సాగుతుంది. ఆ గీత కనిపించకపోతే వెనకున్నదంతా నిజమైన హాలు అనుకుంటాం, చాలామంది మొదటిసారి అలాగే అనుకుంటారు. అది ప్రతిబింబం. అంటే ఆ బాల్కనీ, ఆ జనం, ఆ షాండ్లియర్, ఆ తెల్లని గుండ్రటి దీపాలు అన్నీ మన వీపు వెనక ఉన్నవి. ఎడమ పై మూలలో ఆకుపచ్చ బూట్లు తొడిగిన రెండు కాళ్లు వేలాడుతుంటాయి. అది ట్రపీజ్ ఊయల మీద ఉన్న సర్కస్ మనిషి. బొమ్మ అంచు మిగతా శరీరాన్ని కోసేసింది. కుడి వైపున అదే అద్దంలో అమ్మాయి వీపు, ఆమెకి ఎదురుగా, చాలా దగ్గరగా, పొడుగు టోపీ పెట్టుకున్న మగమనిషి.

చిక్కు ఇక్కడే. అమ్మాయి మనకి సూటిగా ఎదురుగా ఉంటే, ఆమె ప్రతిబింబం ఆమె వెనకే దాక్కోవాలి. అంత కుడికి జరిగి ఎందుకు ఉంది? అద్దంలో ఆయన ఆమె ముఖంలో ముఖం పెట్టినంత దగ్గరగా ఉంటే, కౌంటర్ ఇవతల ఆయన వీపు మనకి అడ్డం రావాలి కదా? అక్కడ ఎవరూ లేరు. ఉన్నది మనమే.

ఈ చిక్కు పండితులు తర్వాత కనిపెట్టింది కాదు. ప్యారిస్‌లో ఏటా జరిగే సలోన్ అనే చిత్రప్రదర్శనలో బొమ్మ పెట్టిన 1882 మే నెలలోనే స్తోప్ అనే వ్యంగ్య చిత్రకారుడు 'లె జూర్నాల్ అమ్యూజాన్' పత్రికలో దీన్ని వెక్కిరిస్తూ ఒక కార్టూన్ గీశాడు. అందులో టోపీ మనిషిని కౌంటర్ ముందు నిలబెట్టేశాడు. అద్దంలో కనిపిస్తున్న పెద్దమనిషి బొమ్మలో లేకపోవడం చిత్రకారుడి పరధ్యానం కావచ్చు, ఆ లోటు మేం పూడుస్తున్నాం అని కింద రాశాడు. ఆ వెక్కిరింత నాకు చాలా పనికొచ్చే సాక్ష్యం. సలోన్‌కి వచ్చిన మామూలు ప్రేక్షకుడికే అద్దం తేడా కొట్టిందంటే, ముప్ఫై ఏళ్లు బొమ్మలు వేసిన మనిషికి తెలియలేదనడం కుదరదు.

చూడటానికి మంచి నకలు కావాలి. ఈ బొమ్మ లండన్‌లో సోమర్‌సెట్ హౌస్‌లోని కోర్టోల్డ్ గ్యాలరీలో ఉంది. గూగుల్ ఆర్ట్స్ అండ్ కల్చర్‌లోనూ వికీమీడియా కామన్స్‌లోనూ బాగా పెద్ద ఫైళ్లు దొరుకుతాయి. ఏ ఫైలు తీసుకున్నా ముందు వెడల్పుని ఎత్తుతో భాగించండి. 1.35 దగ్గర రావాలి. అంతకన్నా తక్కువ వస్తే పక్కలు కోసేశారని అర్థం. అప్పుడు మొదట పోయేది టోపీ మనిషి భుజం, ఎడమ అంచున సంతకం ఉన్న సీసా. ఎక్కువ వస్తే పైనో కిందో కోత పడింది, ట్రపీజ్ కాళ్లు పోయి ఉంటాయి. పోస్టర్లలోనూ పుస్తకాల అట్టల మీదా ఇది మామూలే. ఎ3 కాగితం మీద ప్రింట్ తీస్తే ఎత్తు 29.7 సెంటీమీటర్లు, వెడల్పు 40 వస్తుంది, పక్కల కొంచెం తెల్ల అంచు మిగులుతుంది. ప్రింటు షాపువాళ్లు పేజీ నిండా సాగదీసి ఇస్తామంటారు, వద్దనండి. మన కొలతలన్నీ దెబ్బతింటాయి.

ప్రింట్ చేతికొచ్చాక ఒక తెల్ల కాగితంతో కుడివైపు మూడోవంతు మూసేయండి. మిగిలింది పూర్తి బొమ్మలా నిలబడుతుంది: ఒంటరిగా ఒక అమ్మాయి, వెనక సందడి. చిక్కు లేదు, అద్దం కూడా దాదాపు మాయమవుతుంది. ఇప్పుడు కాగితాన్ని ఎడమకి జరిపి అమ్మాయినీ బొమ్మ ఎడమ భాగాన్నీ మూసి, కుడి భాగాన్ని ఒక్కదాన్నే చూడండి. ఇదీ పూర్తి బొమ్మే: బారులో ఒక మగమనిషి, ముందుకు వంగి అతనితో మాట్లాడుతున్న అమ్మాయి. ఈ రెండు బొమ్మల్లో అమ్మాయి ఒకేలా లేదు. ముందున్న అమ్మాయి నిట్రాటలా నిటారుగా ఉంది. అద్దంలో ఉన్నామె కాస్త వంగింది, ఒళ్లు కూడా కొంచెం లావుగా ఉంది. రెండూ కలిపి చూసినప్పుడు కళ్లు ఈ తేడాని సర్దేసుకుంటాయి, విడివిడిగా చూస్తేనే బయటపడుతుంది. ఈ తేడా సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

అద్దం, రెండు సీసాలు, ఒక ఫోను

ఇప్పుడు స్కేలు పని. 2000లో ఆస్ట్రేలియాలో మాల్కమ్ పార్క్ అనే పరిశోధకుడు ఈ బార్‌ని అద్దంతో సహా మళ్లీ కట్టి ఫోటో తీయించి, దాదాపు ఇలాంటి దృశ్యమే రప్పించాడు. 2007లో లాస్ ఏంజెలెస్‌లోని గెట్టీ మ్యూజియం ఈ బొమ్మని తెప్పించి పెట్టిన ప్రదర్శనలో ఆ పరిశోధనకీ చోటిచ్చింది. పార్క్ చెప్పింది ఒక్క మాటలో: చూసే కన్ను అమ్మాయికి ఎదురుగా లేదు, బాగా కుడి పక్కకి ఉంది. టోపీ మనిషి మన ఎడమవైపు, బొమ్మ అంచు దాటి బయట నిలబడ్డాడు. అద్దంలో వాళ్లిద్దరూ ఎదురెదురుగా మాట్లాడుకుంటున్నట్టు అనిపించడం ఆ కోణం చేసే మాయ.

చదివితే నమ్మబుద్ధి కాదు. ఇంట్లో చేసి చూడండి, అరగంట పని. కనీసం 60 సెంటీమీటర్ల వెడల్పున్న అద్దం కావాలి. బీరువా తలుపు అద్దం వెడల్పు చాలదు, డ్రెస్సింగ్ టేబుల్‌ది సరిపోతుంది. అద్దాన్ని గోడకి ఆనించకండి. వెనక పుస్తకాలు పేర్చి నిలువుగా నిలబెట్టండి. వెనక్కి వాలితే ప్రతిబింబంలో సీసాలు కూడా వాలిపోయినట్టు కనిపించి లెక్క చెడుతుంది.

అద్దం మధ్య నుంచి నేరుగా మన వైపు ఒక గీత ఊహించుకోండి. ఆ గీత మీద అద్దానికి 20 సెంటీమీటర్ల దూరంలో ఒక సీసా పెట్టండి, అది అమ్మాయి. 25 నుంచి 35 సెంటీమీటర్ల మధ్య అద్దానికి సమాంతరంగా ఒక లావుపాటి పుస్తకం, అది కౌంటర్. అదే గీత మీద 45 సెంటీమీటర్ల దగ్గర ఇంకో రంగు సీసా, అది టోపీ మనిషి. ఇప్పుడు ఫోనుని గీత మీదే 60 సెంటీమీటర్ల దగ్గర అడ్డంగా పట్టుకుని ఒక ఫోటో తీయండి. మొదటి సీసా కనపడదు, రెండోది అడ్డం. స్తోప్ కార్టూన్ కోరింది ఈ దృశ్యాన్నే.

తర్వాత అద్దానికి అదే 60 సెంటీమీటర్ల దూరం ఉంచుతూ ఫోనుని కుడికి 40 సెంటీమీటర్లు జరపండి. కెమెరాని 0.5 వైడ్‌కి మార్చండి. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది: సీసా పక్కకి పోయింది కదా అని ఫోనుని దాని వైపు తిప్పుతారు. తిప్పకూడదు. ఫోను వీపు అద్దానికి సమాంతరంగానే ఉండాలి. తిప్పారో లేదో ఫోటోలో ఇట్టే తెలుస్తుంది, అద్దం కింది అంచు ఏటవాలుగా పోతుంది. మానే బొమ్మలో ఆ అంచూ కౌంటర్ అంచూ బొమ్మ అంచుకి సమాంతరంగా ఉన్నాయి, మన ఫోటోలోనూ అలాగే రావాలి. 0.5 లేని ఫోనైతే 40కి బదులు 20 సెంటీమీటర్లే జరపండి. ఫలితం కాస్త బలహీనంగా వస్తుంది గానీ వస్తుంది.

ఫోటోలో ఎడమవైపు ఐదింట రెండు వంతులు ఉంచి మిగతాది కత్తిరించేయండి. చూశారా? మొదటి సీసా బొమ్మ మధ్యకి కాస్త ఎడమగా నిలబడింది. దాని ప్రతిబింబం కుడికి జరిగింది. దానికీ కుడివైపున రెండో సీసా ప్రతిబింబం. రెండో సీసా మాత్రం ఎక్కడా లేదు, అది ఎడమవైపు ఫోటో బయట ఉండిపోయింది. అద్దంలో ఫోను కనిపించినా అది కత్తిరించిన భాగంతో పోయింది. 1882 నుంచి తప్పు తప్పు అన్నది సాధ్యమేనని రెండు సీసాలతో తేలింది.

హైదరాబాద్ ఇరానీ హోటళ్లలో గోడ అద్దం పక్క కుర్చీలో కూర్చున్నవాళ్లకి ఇది కొత్త కాదు. కౌంటర్ దగ్గర డబ్బులిస్తున్న మనిషి అద్దంలో ఒక చోట ఉంటాడు, తల తిప్పి చూస్తే మనం అనుకున్న వైపు కాకుండా మరో వైపు ఉంటాడు.

కొలిచాక మిగిలింది

కొలత ఇక్కడితో సరిపోయిందనుకుంటే పొరపాటు. మీ ఫోటోలో రెండు సీసాలు ఒకే ఎత్తువైతే, రెండో సీసా ప్రతిబింబం మొదటిదాని ప్రతిబింబం కన్నా చిన్నదిగా ఉంటుంది. లెక్క సులువు. మొదటిదాని ప్రతిబింబం ఫోనుకి 80 సెంటీమీటర్ల లోతున ఉన్నట్టు, రెండోదానిది 105 లోతున ఉన్నట్టు. అద్దానికి దూరంగా ఉన్న వస్తువు అద్దంలో ఇంకా దూరంగా పోతుంది. మానే బొమ్మలో టోపీ మనిషి తల, అద్దంలోని అమ్మాయి తల పక్కపక్కన పెట్టి కొలవండి. ఆయన తల తగ్గాల్సినంత తగ్గలేదు. మన ఫోటోలో మొదటి సీసాకి దాని ప్రతిబింబం సరిగ్గా సగం, బొమ్మలో అమ్మాయి ప్రతిబింబం అంత చిన్నగానూ లేదు. ఎడమవైపు సీసాల వరసని అద్దంలోని వరసతో పోల్చి చూడండి, అమరికలో పొంతన కుదరదు. ఆయన నిలబడాల్సిన నేల కూడా అద్దంలో దొరకదు. కౌంటర్ ప్రతిబింబం అంచు దాటగానే కింద హాలు జనం వచ్చేస్తారు. వీటన్నిటికీ తోడు ఆ వంగిన ఒళ్లు. కోణం ఎంత మార్చినా నిటారుగా ఉన్న మనిషి అద్దంలో వంగదు.

అంటే పార్క్ చెప్పినది టోపీ మనిషి ఎక్కడ నిలబడ్డాడన్న ప్రశ్నకి మంచి జవాబు. మానే ఎందుకిలా వేశాడన్న ప్రశ్నకి అది చాలదు. దానికి కోర్టోల్డ్‌లో తీసిన ఎక్స్‌రే (పై రంగుల కింద మొదట వేసినదాన్ని చూపిస్తుంది) చూడాలి, 1881 నాటి చిన్న చిత్తుబొమ్మ చూడాలి. చిత్తుబొమ్మ 47 సెంటీమీటర్ల ఎత్తు, 56 వెడల్పు. అందులో అమ్మాయి మనల్ని చూడదు, తల పక్కకి తిప్పింది. ప్రతిబింబం ఆమెకి దగ్గరగా, మామూలు అద్దంలో ఎదురు చూసే చోటికి చేరువగా ఉంది. పెద్ద కాన్వాస్ ఎక్స్‌రేలో ఆమె చేతులు మొదట కౌంటర్ మీద లేవు, నడుం ముందు ఒకదాన్ని ఒకటి పట్టుకుని ఉన్నాయి. ప్రతిబింబం మొదట వేసిన చోటు నుంచి విడతలుగా కుడికి జరిగింది.

ఈ వరసని జాగ్రత్తగా చదవండి. మొదట సరిగ్గా ఉన్నదాన్ని తర్వాత పక్కకి జరిపాడు. ఒక కోణాన్ని లెక్కగట్టి మొదలుపెట్టినవాడైతే ఇన్నిసార్లు జరపక్కర్లేదు. తెలియక వేసినవాడైతే మొదటిసారి సరైన చోట పడదు. ప్రతిబింబాన్ని అమ్మాయి నుంచి విడదీయాలని కోరుకుని, విడిపోయేదాకా జరుపుతూ పోయాడని నాకు అనిపిస్తుంది. పక్క కోణానికి సరిపోయే చోట అది ఆగడం అతని కంటి అనుభవం. చేతులు విప్పి రెండు పక్కలా ఆనించడం కూడా ఆ దారిలోదే. ముందున్న అమ్మాయి ఎంత స్థిరంగా, ఎంత సూటిగా ఉంటే, వెనక జరిగిన ప్రతిబింబం అంత దూరమవుతుంది.

ఎందుకు విడదీశాడు? ఇక్కడ నా అభిప్రాయం చెబుతాను: కౌంటర్ వైపు ఉన్నది చూసి వేసింది, అద్దంలో ఉన్నది గుర్తుచేసుకుని వేసింది. అందుకే రెండిటికీ వేర్వేరు సమయాలు.

ఇది ఊరికే అన్న మాట కాదు. ఫోలీ బెర్జేర్ ప్యారిస్ రూ రిషేర్‌లో 1869లో తెరిచిన వినోదశాల. పాటలు, నాట్యం, సర్కస్ విన్యాసాలు ఉండేవి. కుర్చీలోనే కూర్చుని చూడాలన్న పట్టింపు లేదు, తిరుగుతూ తాగుతూ మాట్లాడుకోవచ్చు. మానే అక్కడికి వెళ్లి చిత్తుగీతలు గీసుకున్నాడు. బొమ్మ మాత్రం అక్కడ వేయలేదు. రూ ద ఆమ్‌స్టర్‌డామ్‌లోని తన స్టూడియోలో ఒక బల్ల వేసి, దాని మీద సీసాలూ పళ్లూ పేర్చి, ఫోలీ బెర్జేర్‌లో పనిచేసే సుజోన్ అనే అమ్మాయిని వెనక నిలబెట్టి వేశాడు. అప్పటికే కాళ్లు స్వాధీనం తప్పే నరాల జబ్బు ముదిరింది. 1883 ఏప్రిల్‌లో కాలు తీసేశారు, 30వ తేదీన 51 ఏళ్ల వయసులో చనిపోయాడు. సలోన్‌కి పంపిన పెద్ద బొమ్మల్లో ఇదే చివరిది. 1882 జనవరిలో స్టూడియోకి వచ్చిన జానియో అనే యువ చిత్రకారుడు ఆ దృశ్యాన్ని తర్వాత రాసిపెట్టాడు. ఎదురుగా మనిషిని నిలబెట్టుకుని కూడా మానే ఉన్నదున్నట్టు దించడం లేదని, అన్నిటినీ కుదించి సులువు చేస్తున్నాడని ఆయన గమనించాడు.

కాబట్టి స్టూడియోలో కళ్లెదుట ఉన్నవి సీసాలు, పళ్లు, రాయి, అమ్మాయి. హాలూ జనమూ షాండ్లియరూ అక్కడ లేవు. ఇప్పుడు పెద్ద ఫైలు తెరిచి దగ్గరగా జరిపి చూడండి. షాంపేన్ సీసా రేకు మీద వెలుగు ఎక్కడ పడుతుందో కచ్చితంగా తెలుస్తుంది, గ్లాసులో నీటి గీత తెలుస్తుంది, బాస్ త్రికోణం అంచులు తెలుస్తాయి. అక్కణ్నుంచి అద్దంలోకి పైకి వెళ్తే ముఖాలు రెండు మూడు కుంచె దెబ్బలకి వచ్చేస్తాయి. మనుషులంటే టోపీల నలుపు, చేతి తొడుగుల పసుపు. అద్దం మీద అక్కడక్కడా బూడిద నీలం పూత పొగలా పరుచుకుంటుంది. జనంలో ఇద్దరు ముగ్గురికి మాత్రం ఆనవాళ్లున్నాయి. తెల్ల దుస్తుల్లో పసుపు తొడుగులతో ఉన్నావిడ మానే స్నేహితురాలు మేరీ లోరాన్ అనీ, ఆమె వెనకున్నావిడ జాన్ దమార్సీ అనీ చెబుతారు. ఇంకొకావిడ బైనాక్యులర్స్ పెట్టుకుని వేరే ఎటో చూస్తోంది. జ్ఞాపకంలోని గుంపు కూడా అంతే కదా, తెలిసినవాళ్ల ముఖాలు ఒకటి రెండు నిలుస్తాయి, మిగతావి రంగులుగా మిగిలిపోతాయి.

నా మాటకి ఎదురు సాక్ష్యం కూడా చెప్పాలి. టోపీ మనిషికి గాస్తోన్ లా తూష్ అనే చిత్రకారుడు మోడల్‌గా నిలబడ్డాడు. అంటే ఆయన జ్ఞాపకంలోంచి రాలేదు, స్టూడియోలోనే ఉన్నాడు. ఇంకొకటి, మానే ఏ బొమ్మలోనైనా వెనక భాగాన్ని వదులుగానే వేస్తాడు. అద్దంలోని వస్తువులు కాస్త మసకగా ఉండడం కూడా సహజమే. కుంచె వదులుతనం ఒక్కదాన్నే పట్టుకుని 'ఇది జ్ఞాపకం' అంటే వాదన నిలవదు. నేను ఎక్కువ బరువు పెట్టేది ఆ వంగిన ఒంటి మీద, ఎక్స్‌రేలో కనిపించే జరుపుళ్ల మీద. ఒకే అమ్మాయి రెండు వేర్వేరు భంగిమల్లో ఉంటే, అవి రెండు క్షణాలు కావడమే నాకు తేలికైన వివరణ. ఆయన వచ్చాడు, ఏదో అడిగాడు, ఆమె వంగి వింది. అది వెనక్కి వెళ్లిపోయింది. ఇప్పుడు ఎదురుగా ఎవరూ లేరు. లేదా ఇంకా రాలేదు, వరస అటూ ఇటూ అయినా బొమ్మ ఒప్పుకుంటుంది. 1971లో ట్యూనిస్‌లో చేసిన ప్రసంగంలో ఫ్రెంచ్ తత్వవేత్త మిషెల్ ఫూకో ఈ బొమ్మని వేరే దారిలో పట్టుకున్నాడు. చూసేవాడికి ఒక స్థిరమైన చోటు లేకుండా చేయడమే ఇందులో జరిగిందని ఆయన వాదన. అది కాలం గురించిన మాట కాదు, చోటు గురించిన మాట. నాకు చోటు సంగతి సీసాలతో చాలావరకు తేలిపోయినట్టే ఉంది, తేలనిది కాలమే.

అతిగా చదవడం గురించి కూడా రెండు మాటలు. అమ్మాయి ముఖం చూసి అలసట, దిగులు, అవమానం అని కథలు అల్లుతారు. మానే వేసిన ఇతర ముఖాల్ని పక్కన పెట్టి చూడండి. 1863 నాటి 'ఒలింపియా', 1873 నాటి 'రైల్వే' చాలు. అదే నిర్లిప్తత, అదే మనల్ని చూస్తూనే దాటిపోయే చూపు. అది ఈ అమ్మాయి జీవితకథ కాదు, ఆ చిత్రకారుడి చేతి తీరు. కమలాల్ని వేశ్యలకి గుర్తుగా తీసుకుని, అవి ఉన్నాయి కాబట్టి ఆమె వేశ్య అని తీర్పు చెప్పేవాళ్లున్నారు. ఆ వినోదశాల బార్ అమ్మాయిల గురించి అప్పటి ప్యారిస్‌లో అలాంటి మాటలు ఉన్నమాట నిజమే, స్తోప్ కూడా తన కార్టూన్‌లో ఆమెని 'ఓదార్పు అమ్మే మనిషి' అని ఎత్తిపొడిచాడు. కానీ ఆ అనుమానం ఊరిది, గిన్నెలోని పళ్లది కాదు. బీరు జర్మనీది కాకుండా ఇంగ్లండ్‌ది పెట్టడం 1870లో ఫ్రాన్స్‌కి జర్మన్లతో జరిగిన యుద్ధం మీద కోపమని ఇంకొకరు అంటారు. కావచ్చు. ఎర్ర త్రికోణం బ్రిటన్‌లో 1876 జనవరి 1న నమోదైన మొట్టమొదటి ట్రేడ్‌మార్కు, దూరం నుంచే గుర్తుపట్టే గుర్తు. రెండు చివరలా ఎర్ర చుక్క కావాల్సిన చిత్రకారుడికి ఆ కారణం ఒక్కటి సరిపోతుంది.

మానే పోయాక 1884లో స్టూడియో సరుకు వేలం వేసినప్పుడు ఈ బొమ్మని సంగీతకారుడు ఎమ్మాన్యుయెల్ షాబ్రియే కొనుక్కుని ఇంట్లో పియానో మీద తగిలించుకున్నాడు. 1926లో ఇంగ్లండ్ పారిశ్రామికవేత్త శామ్యూల్ కోర్టోల్డ్ చేతికి వచ్చింది. ఆయన ఇచ్చిన సేకరణతోనే ఆ గ్యాలరీ పెరిగింది. లండన్‌లో ఉన్నవాళ్లు, అక్కడికి పిల్లల్ని చూడటానికి వెళ్లే తల్లిదండ్రులు ఒక పూట కేటాయించుకుంటే చాలు, గ్యాలరీ చిన్నదే.

అక్కడ ఎక్కడ నిలబడాలి? అందరూ బొమ్మ మధ్యకి ఎదురుగా నిలబడతారు, అమ్మాయి అక్కడికే పిలుస్తుంది. కాసేపు అక్కడ చూశాక కుడి అంచు దాటి ఇంకో 40 సెంటీమీటర్లు పక్కకి జరిగి, గోడకి 130 సెంటీమీటర్ల దూరంలో నిలబడి, ఒక కన్ను మూసి చూడండి. ఈ అంకెలు మన సీసాల ప్రయోగంలో వచ్చిన ఫోటోకి సుమారుగా కట్టిన లెక్క, మానే రాసిపెట్టినవి కావు. ఎ3 ప్రింట్‌కైతే కుడి అంచు నుంచి 12 సెంటీమీటర్లు పక్కకి, 41 సెంటీమీటర్ల దూరంలో కన్ను ఉండాలి. అక్కణ్నుంచి చూస్తే టోపీ మనిషి ఉన్న అద్దం భాగం ఉన్నట్టుండి ఒప్పుగా అనిపిస్తుంది, ముందున్న అమ్మాయి మాత్రం పక్కకి సాగి, మనల్ని చూడటం మానేసినట్టు ఉంటుంది. మధ్యకి వస్తే ఆమె సరిగ్గా ఉంటుంది, అద్దం చెడుతుంది. రెండూ ఒక్కసారి కుదిరే చోటు ఆ గదిలో లేదు.